మూగబోయిన వంటలు

అనుమతి పత్రం లేని గొంతు ఏ తెర మీదా వినిపించకూడదని చట్టం వచ్చి ఆరేళ్లయింది. చనిపోయినవాళ్లు పత్రం ఎక్కడి నుంచి తెస్తారు? అలా వర్ధనమ్మ వంటల వీడియోలన్నీ మూగబోయాయి. అవి తీసింది కాలం చేసిన ఆమె భర్త; ఆయన గొంతు ఉండొచ్చని అన్నిటికీ శబ్దం తీసేశారు. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు.

పోయినవాళ్ల గొంతుకు ఇంటివాళ్లే అనుమతి ఇవ్వొచ్చనే సవరణ మీద ఈవేళ పార్లమెంటులో చర్చ. ఆమె గోరుచిక్కుళ్లకు ఈనెలు తీస్తూ వింటోంది.

"చచ్చినవాళ్ల చేత ఓట్లడిగిస్తారు అధ్యక్షా!" అన్నాడొకాయన.

"మా నాన్న నన్ను పిలిచిన పిలుపులో ఏ పార్టీ ఉందండీ?" అందొకావిడ.

సవరణ నెగ్గింది. "అమ్మా, నాన్న గొంతు వచ్చేస్తుంది!" అంటూ కూతురు హైమ మొట్టమొదటి వీడియో పెట్టింది. గోంగూర పప్పు.

"ఉప్పు వేశావా వర్ధనీ?"

అదే గొంతు. వర్ధనమ్మ ఒళ్లోని చిక్కుళ్లు జారి నేలపాలయ్యాయి. వెంటనే తెర మీద ఆమే కసిరింది: "అబ్బబ్బ, రికార్డింగవుతోంది! ఇంకెప్పుడూ వీడియోలో నోరెత్తకండి."

తర్వాతది పెట్టమంది. ఆ తర్వాతది. మిగిలిన నలభై వీడియోల్లో పోపు చిటపటలాడింది, కుక్కర్ విజిల్ వేసింది. ఆయన మాత్రం ఆమె మాట జవదాటలేదు.