ఆ ఇరవై నిమిషాలు

ఆఫీసులో కొత్తగా చేరిన రఘూత్తమన్ సంచీని సెక్యూరిటీ వాళ్లు బల్ల మీద బోర్లించారు.

అన్నం డబ్బా, గొడుగు, ఓ దొంతర కాగితాలు.

"నే చెప్పలేదా చేచ్చీ, కాగితాలు పట్టుకెళ్తున్నాడని!" అక్కా అన్నట్టే పిలుస్తూ అన్నాడు షీబా టీములోని నౌఫల్.

షీబా కాగితాలు అందుకుంది. త్రిశ్శూర్‌లో అంబులెన్సులను నడిపే సాఫ్ట్‌వేర్ వాళ్లది. ఆమె ఆ టీముకు పెద్ద. ఇవి దాని లాగ్ ఫైళ్లు. ఎప్పుడేం జరిగిందో యంత్రం తనకు తాను రాసుకునే చిట్టా.

ఒకటి కాదు, మూడు. కంట్రోల్ రూముది, కబురు మోసే సర్వరుది, బండిలో ఉండే ఫోనుది.

మూడూ ఒకే రోజువి. మార్చి తొమ్మిది.

షీబాకు ఆ తేదీ గుర్తుంది. అంబులెన్సు ఆలస్యమై, పాము కరిచిన పాప పోయిన రోజు అది. కబురందినా టీ తాగుతూ కూర్చున్నాడని డ్రైవర్ సాబును సస్పెండ్ చేశారు.

"మీరొచ్చి నెల కాలేదు. మీ పని స్క్రీన్లు సరిచూడటం. ఇవెందుకు మీకు? ఎవరు పంపారు? పేపరు వాళ్లా?"

"ఎవరూ పంపలేదమ్మా. ఒక్కో ఫైలూ విడిగా చూస్తే ఏమీ తెలీదు. మూడూ టైము ప్రకారం కలిపి చదవాలి."

"మాకే పని నేర్పుతారా?"

బ్యాడ్జి లాగేసుకుంది.

"కాగితాలు మీరే ఉంచుకోండి. ఒక్కసారి చదవండి చాలు," అని ఆయన గొడుగు, డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు.

ఏం దొంగిలించాడో చూద్దామనే చదవడం మొదలుపెట్టింది షీబా.

కంట్రోల్ రూము చిట్టాలో: 4:11, కబురు చేరింది.

బండి ఫోనులో: 4:31, కబురు అందింది. విచారణలో ఆ ఫోను గడియారమే తప్పన్నారు.

మధ్యలో ఉన్న సర్వరు చిట్టాను ఎవరూ తెరవలేదు. అందులో 4:11కి కబురు ఇరుక్కుంది. 4:31కి కదిలింది.

"ఒరేయ్ నౌఫల్... మన ప్రోగ్రామే, కబురు పోకముందే చేరిందని రాసేస్తోందిరా."

"అయితే సాబు?"

"అందిన నిమిషంలో బయల్దేరాడు."

షీబా ఎన్నిసార్లు చేసినా రఘూత్తమన్ ఫోను మోగలేదు. అద్దె గదికి తాళం.

షీబా రిపోర్టు పైకి పంపిన వారానికి, మళ్లీ పనిలో చేరే ఉత్తరం తీసుకుని సాబు వచ్చాడు.

"నీ కోసం ఇంత కష్టపడ్డాడు. మీ చుట్టమా?" షీబా, రఘూత్తమన్ బ్యాడ్జి మీది ఫొటో చూపించింది.

సాబు దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"కాదు చేచ్చీ. ఆ రోజు నేను వెళ్లేసరికి, పాపను భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడ్డ నాన్న ఈయనే."