సగం గుట్ట మీద

పెద్దబండ దాకా బాగానే వచ్చాడు సంపత్. అక్కడ పొరపాటున కిందికి చూశాడు. అంతే. బండను రెండు చేతులా కరుచుకుని కూర్చుండిపోయాడు.

కింద గనుల పక్కన పోసిన మట్టి దిబ్బలు చీమల పుట్టల్లా ఉన్నాయి. దూరంగా రామగుండం పొగగొట్టాలు. అన్నీ గిర్రున తిరుగుతున్నాయి.

“ఇంకెంతసేపు కూసుంటవ్? లే,” అంది దీప. ఐదో తరగతి. నెత్తిన క్యాంపు టోపీ, ముఖం నిండా విసుగు. “కిందికి చూడకు. నా చెప్పులే చూసుకుంట రా.”

“నాతోని కాదు. నేను దిగిపోత.”

“దిగుతవా!” దీప గుడ్లురిమింది.

ఉరమదూ మరి! బొగ్గుగని కార్మికుల పిల్లలకు ఏటా ఎండాకాలం రామగిరి గుట్ట దగ్గర జరిగే ఈ క్యాంపుకు నలభై ఏళ్లు దాటాయి. మొదలుపెట్టిన డ్రిల్లు మాస్టారు ఒకటే మాట అన్నాడట: “తండ్రులు రోజూ దిగుతరు. పిల్లలు ఒక్కసారన్న ఎక్కాలె.” అప్పటి నుంచి చివరి రోజు పొద్దున్నే క్యాంపుకు వచ్చిన ప్రతి ఒక్కరూ గుట్ట మీది ఖిల్లా పైకి ఎక్కాల్సిందే. మాస్టారు పోయాడు, డేరాలు పోయి రేకుల షెడ్లు వచ్చాయి, టోపీల రంగు మారింది. ఆచారం మాత్రం మారలేదు. కాలు బెణికిన వాళ్లు కుంటుతూ ఎక్కారు, ఏడ్చేవాళ్లు ఏడుస్తూ ఎక్కారు. సగం నుంచి దిగిపోయిన వాళ్లు లేరు.

ఇన్నేళ్ల చరిత్రలో తనే మొదటి మచ్చ కాబోతున్నాడని సంపత్‌కు అర్థమైంది. పోయినేడు జ్వరమని చెప్పి రాకుండా తప్పించుకున్నాడు. ఈసారి దీప ఊరుకోలేదు.

వెనక వస్తున్న చిన్నపిల్లలు మేకపిల్లల్లా గెంతుతూ దాటిపోయారు. ఒక బుడ్డది ఆగి, “భయమైతుందా?” అని అడిగింది. మిగతా వాళ్లు కిసుక్కున నవ్వారు. సంపత్‌కు తల కొట్టేసినట్టయింది. బండ కింద బొరియ ఉంటే అందులో దూరిపోయేవాడే.

మజ్జిగ బిందె నెత్తిన పెట్టుకుని లస్మవ్వ వచ్చింది. మొదటి ఏడు నుంచి క్యాంపు వంట ఆమెదే.

“సిగ్గువడకు కొడుకా. గీ బండకాడ ఏడ్వనోడు లేడు. ఇయ్యాల డాక్టర్లయినోళ్లు గూడ గీడనే నా కొంగు వట్టుకొని ఏడ్చిండ్రు.”

“కండ్లు తిరుగుతున్నయి అవ్వా.”

“అయితే మూసుకో. చేతులున్నయి గద, పాక్కుంట పో. ఎక్కినోన్ని ఎట్ల ఎక్కినవని ఎవలడుగరు. దిగినోన్ని జన్మంత అడుగుతరు.”

ఆమె ముందుకు సాగిపోయింది. దీప దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

“నువ్వు దేనికి భయపడవని అందరికి చెప్పిన.” ఆ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

సంపత్‌కు చచ్చినంత పనైంది. భయం ఎక్కడికీ పోలేదు గానీ, సిగ్గు దానికంటే పెద్దదైంది. దీప మడమల మీదే చూపు నిలిపి, మోకాళ్ల మీద పాకడం మొదలుపెట్టాడు.

ఖిల్లా పైన పిల్లలంతా వరసలు కట్టి నిలబడ్డారు. అంతమంది ముందు సంపత్ నాలుగు కాళ్ల మీద వచ్చాడు. మోచేతులు దోక్కుపోయాయి. మట్టి కొట్టుకున్న ముఖం ఎత్తలేక జెండా కర్రను వాటేసుకున్నాడు. పిల్లలు గొల్లున నవ్వారు. దీప టోపీని కళ్ల మీదికి లాక్కుంది.

క్యాంపు నడిపే జగదీశ్వర్ సార్ మైకు అందుకున్నాడు.

“నవ్వుడాపి సప్పట్లు కొట్టుండ్రి, రెండేండ్ల కింద నీళ్లు నిండిన బొగ్గుబాయిలకు దిగి నలుగురిని భుజాన మోసుకొచ్చిన రెస్క్యూ సంపత్ గారు, మన దీప వాళ్ల నాయిన, ఇప్పుడు మీకు ధైర్యం గురించి చెప్తరు!”