కర్త లేని వాక్యం

“మీరు వెళ్ళి రండి, నేను బుద్ధిగా చదువుకుంటాను,” అంది పాప.

ఇంటావిడ చెప్పులు తొడుక్కుంటూ ఆగింది. “టీచరుగారూ, బడి ఎందుకు మాన్పించారని నలుగురూ అడుగుతున్నారు, అందుకే మిమ్మల్ని పెట్టాను. ఒక్కటే మాట. వెనక గదిలో మా అత్తగారున్నారు. పాపం, మతి చెదిరింది. పిలుస్తారు, తిడతారు, ఏవేవో కథలు చెబుతారు. ఏం వినబడినా గడియ మాత్రం తీయకండి. మందుల షాపుదాకా వెళ్ళి అరగంటలో వచ్చేస్తాను.”

“అలాగేనండీ,” అంది టీచరు.

తల్లిని ‘మీరు’ అనే తొమ్మిదేళ్ళ పిల్లను చూడటం ఆమెకు ఇదే మొదలు. తన కూతురు తనను ‘ఏమే’ అనకపోవడమే పదివేలు.

వీధి తలుపుకు బయట తాళం పడిన చప్పుడైంది. పిల్ల రోడ్డెక్కుతుందని భయం కాబోలు అనుకుని, ఆమె పుస్తకం తెరిచింది.

“ఇవాళ్టి క్రియ ‘మీరు’.”

“మీరంటే మీరే కదా, టీచర్?”

“అది వేరు. ఇది దాటడం. హద్దు మీరాడు, జబ్బు చెయ్యి మీరింది అంటాం చూడు, అదీ. చెప్పింది వినకపోతే మాట మీరడం. ఏదీ, జరిగిపోయినట్టు ఒక వాక్యం రాయి.”

పాప వెనక గది వైపు ఒక్కసారి చూసి, పెన్సిలు నొక్కిపట్టి రాసింది: అమ్మ మాట మీరింది.

“బాగుంది. కానీ కర్త ఏదీ? అమ్మ మాటను ఎవరు మీరారు? నువ్వేనా?”

పాప తల అడ్డంగా ఊపింది.

“మరెవరు?”

“చెప్పకూడదు.”

“చెప్పకపోతే వాక్యానికి తలా తోకా ఉండదమ్మా. మళ్ళీ రాయి.”

పాప మళ్ళీ అదే రాసింది. ఒక్క అక్షరం మార్చలేదు. మూడోసారీ అదే. ఈసారి పెన్సిలు ముక్కు విరిగింది.

“మాట మీరితే అన్నం ఉండదు,” అంది మెల్లగా.

టీచరు విరిగిన పెన్సిలు అందుకుంది. ఇదేం పెంపకం!

అంతలో వెనక గదిలో ఏదో దబ్బున పడింది. తర్వాత నేల మీద ఈడ్చుకుంటున్న చప్పుడు. అది తలుపుదాకా వచ్చి ఆగింది. ఆ వెంటే ఒక మూలుగు.

“అయ్యో, నాయనమ్మ పడిపోయినట్టున్నారే!”

పాప కదలకుండా ఆమె ముఖంలోకే చూస్తోంది. “గడియ పైన ఉంటుంది, టీచర్. నాకు అందదు.”

టీచరు తలుపు ముందు తటపటాయించింది. పరాయి ఇల్లు, మొదటి రోజు, పైగా వద్దని మరీ మరీ చెప్పి వెళ్ళారు. కానీ లోపల మూలుగు సన్నబడిపోతోంది. ముసలి ప్రాణం, ఏదైనా అయితే ఆ పాపం ఎవరిది? ఆమె మునివేళ్ళ మీద లేచి గడియ లాగింది.

లోపల కిటికీకి అడ్డంగా చెక్కలు పెట్టి మేకులు కొట్టారు. నేల మీద పడి ఉన్న మనిషి తలెత్తింది. జుట్టులో ఒక్క నెరిసిన వెంట్రుక లేదు. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఆ చూపు టీచరు మీద నిలవలేదు. వెనకాల నిలబడ్డ పిల్ల మీదికి పోయింది.

“మీ... మీరెవరండీ?” అంది టీచరు.

ఎండిపోయిన పెదవులు కదిలాయి.

“పాపకి అమ్మని నేనే.”