సెలవులో ఉన్నాను

"చూడక్కా, ఇప్పుడే తనకి ఇంకో మెయిల్ పెట్టాను. జవాబే రాలేదు!"

తమ్ముడు ఫోను తెచ్చి అక్క ముందు పెట్టాడు. అక్క పనిచేసే ఆఫీసులో మెయిల్ సర్వర్ చూసుకునేది ఆమే. తమ్ముడి భార్య ఉద్యోగమూ అక్కడే. ఇల్లు వదిలి వెళ్ళిన రోజే ఆఫీసుకు సెలవు పెట్టింది.

అక్క తన కంప్యూటర్ నుంచి మరదలికి ఓ ముక్క రాసి పంపింది. కన్ను మూసి తెరిచేలోగా జవాబొచ్చింది.

"సెలవులో ఉన్నాను. రాగానే మీకు రాస్తాను."

తమ్ముడి ముఖం వెలిగిపోయింది. "చూశావా! అందరికీ మెషిన్ జవాబు. నాకొక్కడికే లేదు. అంటే నాకు తనే స్వయంగా రాస్తుందన్నమాట!"

"అది కాదురా. ఒకసారి జవాబు వెళ్ళినవాళ్ళకి సర్వర్ వెంటనే మళ్ళీ ఇవ్వదు."

"నాకు మొదటిసారే రాలేదుగా."

"పదిమందికీ కలిపి పంపావేమో. గ్రూపు మెయిల్స్‌ని అది పట్టించుకోదు."

"తనొక్కదానికే పంపానక్కా."

మౌస్ మీద అక్క చెయ్యి ఆగిపోయింది.

"ఇంకేముంది మరి? నేనన్నదేగా!"

"జంక్‌లో, అంటే అక్కర్లేని మెయిల్స్ పడేసే చోట, పడినవాటికి కూడా ఇవ్వదురా."

"పొరపాటున పడిందేమో?"

"ఒకటైతే పొరపాటు అనుకోవచ్చు. అన్నీ అంతేనంటే, నీ అడ్రసు తనే అందులో వేసి ఉంటుంది."

తెర మీది జవాబును తమ్ముడు పెదాలు కదుపుతూ మళ్ళీ చదివాడు.

"అక్కా, నీకొచ్చిన ఈ జవాబు... నాకోసారి పంపవూ?"