రాజనర్సు డ్యూటీలోనే

పరీక్ష ఫలితాల కాగితం మీద ఒక విద్యార్థి పేరు సగం అచ్చయి ఆగిపోయింది.

కంప్యూటర్ ముఖాన దీపాలు వెలిగినవి వెలిగినట్టే, ఆరినవి ఆరినట్టే ఉండిపోయాయి.

గోపాలరావు ముందు గడియారం చూశాడు. తరువాత ఆపరేటర్ రాజనర్సును చూశాడు. మిషను వైపు చూడనే లేదు.

"నేనేం ముట్టలే సార్. మంచిగనే నడుస్తుండె, ఉట్టిగనే ఆగింది."

"ఊరికే ఎందుకాగుతుందయ్యా?"

"గదే సార్, నాకూ సమజైతలేదు."

గోపాలరావు నోటు పుస్తకం తీసి తేదీ, టైము రాసుకున్నాడు. ఇది ఏడోసారి.

అబిడ్స్‌లో ఆ కంప్యూటర్ సెంటరుకు ఆయన సెక్షన్ హెడ్. పాలవాడి ఎదుటే పాలల్లో వేలు ముంచి చూసే రకం. కర్నూలు నుంచి రాజధానితోపాటు వచ్చి పద్దెనిమిదేళ్లయినా, హిమాయత్‌నగర్ ఇంటికి రెండు తాళాలు వేసి, మూడుసార్లు లాగి చూస్తేగాని కదలడు.

పాత మిషనుకు జ్ఞాపకశక్తి చాలడం లేదని, కిందటి నెల బొంబాయి నుంచి కొత్త మెమరీ తెప్పించారు. భుజమెత్తు ఇనప బీరువా. దాని మీద రోడ్డు దుమ్ము పడకూడదని గోపాలరావు భార్య కామాక్షి చిలకల కుట్టుతో గుడ్డ కవరు పంపింది. వాళ్లింట్లో రేడియోకీ కవరే, కుట్టు మిషనుకీ కవరే.

"ఇది కప్పకుండా మిషను నడిపారంటే ఊరుకోను" అని ఆపరేటర్లిద్దరికీ గట్టిగా చెప్పాడాయన.

బీరువా వచ్చిన వారానికే మిషను మొరాయించడం మొదలైంది. ఎప్పుడాగుతుందో తెలియదు. ఆగిందంటే వేసిన చిల్లుల కార్డులన్నీ మొదటి నుంచి వేయాల్సిందే.

కంపెనీ ఇంజినీరు రెండుసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా కవరు తీసి పక్కన పెట్టి, బీరువా తలుపులు తెరిచి ఇచ్చారు. సాయంత్రం దాకా మిషను బుద్ధిగా నడిచింది.

ఇంజినీరుంటే ఆగదు. రెండో ఆపరేటర్ ఇంద్రసేన డ్యూటీలో ఆగదు. నోటు పుస్తకంలో ఏడుసార్లూ రాజనర్సే.

కంప్యూటరొస్తే గుమాస్తాలు వీధిన పడతారని యూనియన్ వాళ్లు గేటు దగ్గర నినాదాలు చేశారు. ఆ యూనియన్‌లో రాజనర్సు బావమరిది వెంకటనర్సయ్య ఉన్నాడు. గోపాలరావుకు ఇంకేం కావాలి?

రాజనర్సు మూడేళ్లుగా టెంపరరీ. నాంపల్లిలో కిరాయి గది, అందులో తల్లి, పెళ్లాం, ఇద్దరు పిల్లలు. ఈ నెలలో పర్మనెంటు ఆర్డరు రావాలి. దానికి గోపాలరావు మంచిమాట రాయాలి.

గోపాలరావు వేరే మాట రాశాడు. 'కావాలనే మిషను ఆపుతున్నాడని అనుమానం.'

మర్నాడు పొద్దున్నే ఆ కాగితం మేనేజర్ వామన్‌రావు చేతిలో పెట్టాడు.

ఆ మధ్యాహ్నం ఇంజినీరు చెప్పాపెట్టకుండా వచ్చాడు. నాంపల్లిలో రైలుకు ఇంకా మూడు గంటలుందట, ఓసారి చూసి పోదామని.

రాజనర్సు డ్యూటీ. మిషను నడుస్తోంది. ఇంజినీరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడో లేదో దీపాలు నిలిచిపోయాయి.

'దొరికాడు' అనుకున్నాడు గోపాలరావు. పరుగున పోయి కింద గదిలోంచి వామన్‌రావును వెంటబెట్టుకొచ్చాడు.

వాళ్లొచ్చేసరికి ఇంజినీరు కవరు లాగేసి ఒక చేత్తో పట్టుకుని, బీరువా మీద ఇంకో అరచెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు.

"పెనంలా కాలిపోతోంది, అందుకే ఆగింది. వేడి బయటికి పోయే కంతలన్నీ పైనే ఉన్నాయి. వాటి మీద ఈ గుడ్డ ఎవరు కప్పారు?"

గోపాలరావు ఆ గుడ్డ మీది చిలకల కుట్టు చూశాడు.

ఇంద్రసేన ఆ కవరు మడిచి తలకింద పెట్టుకుని కునుకు తీస్తుంటే తనే ఎన్నిసార్లు తిట్టాడో. చెప్పిన మాట విని, నాలుగు మూలలా తాళ్లు బిగించి, రోజూ కప్పింది ఒక్క రాజనర్సే.

"నేనే కప్పిన సార్" అన్నాడు రాజనర్సు.

"నీకెవరు చెప్పిన్రు కప్పుమని?" అడిగాడు వామన్‌రావు.

రాజనర్సు గోపాలరావు వైపు చూశాడు. చాలాసేపే చూశాడు. తరువాత తల దించుకున్నాడు. పర్మనెంటు కోసం రాయాల్సింది ఆయనే కదా.

గోపాలరావుకు సిగ్గేసింది. అయినా ఆ చూపులోనూ, ఆ మౌనంలోనూ ఏదో ఎత్తు ఉందేమోననిపించింది. వీడికి ముందే తెలుసేమో. తెలిసే తన చేత ఆ కాగితం రాయించాడేమో.

"మీ అనుమానం నిజమేనండీ గోపాలరావుగారూ" అన్నాడు వామన్‌రావు. "ఆపింది ఇతనే. కావాలని చేసిండో లేదో గాని." జేబులోంచి పొద్దుటి కాగితం తీశాడు. "మరి గిది వాపస్ తీసుకుంటరా, ఉంచమంటరా?"

తీసుకుంటే ఎందుకో చెప్పాలి.

"ఉండనివ్వండి సార్" అన్నాడు గోపాలరావు.

రాజనర్సు కార్డుల కట్ట సర్దుకుని మొదటి కార్డు నుంచి మళ్లీ వేయడం మొదలుపెట్టాడు.

సాయంత్రం అతని డ్యూటీ అయిపోయేదాకా మిషను ఒక్కసారి కూడా ఆగలేదు.