తాళం వేయని గేర్ల సైకిల్

చిన్నరాములు ఆ సైకిల్ చుట్టూ రెండు చక్కర్లు కొట్టాడు. తాళం లేదు. బీరంగూడ కమాను దగ్గర, చాయ్ హోటల్ గోడకు ఆనించి ఉంది. గేర్ల సైకిళ్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. ఇలాంటిదాన్ని తాళం లేకుండా వదిలేశాడంటే ఆ మహానుభావుడు ఎవరో గాని మతిమరుపు మనిషై ఉండాలి. ఎవరూ చూడటం లేదని తేలాక, చిన్నరాములు సొంత సైకిల్ అన్నంత ధీమాగా ఎక్కి తొక్కేశాడు.

దొంగతనం అతనికి కొత్త. మొన్నమొన్నటి దాకా పటాన్‌చెరు ఫ్యాక్టరీలో లేతు మిషన్ మీద పని. కాంట్రాక్టరు మనుషులను తగ్గించినప్పుడు మొదటి వేటు అతని మీదే పడింది. ఆ మాట భార్య మల్లవ్వకు చెప్పడానికి నోరు రాలేదు. రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని డ్యూటీకని బయలుదేరడం, ఏదో ఒక గోడ నీడన తిని సాయంత్రానికి ఇల్లు చేరడం. ఇన్నాళ్లూ అలా గడిచింది గాని, ఇవాళ జీతం రోజు. ఉత్త చేతులతో పోతే గుట్టు రట్టవుతుంది. ఈ సైకిల్‌ను సంగారెడ్డిలో అమ్మేస్తే ఈ నెల గండం గట్టెక్కుతుంది. వచ్చే నెల గురించి ఆలోచించే ఓపిక అతనికి లేదు.

కమాను దాటి రోడ్డు కాస్త ఎత్తెక్కింది. గేరు మార్చాడు. చైన్ టపుక్కున ఊడి వెనక చక్రం పుల్లల్లో ఇరుక్కుంది.

దిగి చూస్తే ఎదురుగా సైకిల్ షాపు. 'గౌస్ సైకిల్ వర్క్స్' అని బోర్డు. ముందర రిపేరుకొచ్చిన సైకిళ్లు కుప్పపడి ఉన్నాయి. గౌస్ మాత్రం స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. సైకిల్ అక్కడే పడేసి పక్క సందులోకి తిరిగితే అడిగే నాథుడు లేడు. తెలివైన దొంగ అదే చేస్తాడు. కానీ చిన్నరాములుకు ఒక జబ్బుంది. పాడైన వస్తువు కనిపిస్తే చేతులు ఊరుకోవు.

పానా అడిగి తీసుకుని, మామూలు సైకిల్‌కు చేసినట్టే వెనక చక్రం నట్లు వదులు చేసి వెనక్కి గుంజబోయాడు.

గౌస్ పకపకా నవ్వాడు. "అరె భాయ్, గేర్ల సైకిల్‌కు చక్రం గుంజుతే ఏమొస్తది? ఆ వెనక సిన్న స్క్రూలు రెండున్నయి సూడు. చైన్ ఎందాక పోవాల్నో, యాడ ఆగాల్నో వాటి చేతులనే ఉంటది."

"నువ్వే జెర చెయ్యరాదు గౌస్ భాయ్. నాకు జల్దీ పోవాలె."

"నా చేతులు ఖాళీ లేవు," అన్నాడు గౌస్, చాయ్ గ్లాసును రెండు చేతులా పట్టుకుని.

చిన్నరాములు గొణుక్కుంటూ కూర్చుని, నట్లు మళ్లీ బిగించి, చైన్ ఎక్కించాడు. స్క్రూ బిగించి పెడల్ తిప్పితే చైన్ పెద్ద పళ్ల చక్రం ఎక్కనంది. కాస్త వదిలితే ఎక్కింది గాని కటకటమంది. "గేరు వైరు సాగింది, గుంజి బిగించు," అన్నాడు గౌస్. బిగిస్తే చప్పుడు ఆగింది. ఇక బయలుదేరుదామంటే బ్రేకు రబ్బరు ఒక పక్క రిమ్ముకు రాసుకుంటోంది. రబ్బరు సర్దినా పోలేదు. చూస్తే చక్రమే వంకర. దాంతో పుల్లలు ఒకటి బిగిస్తూ, ఒకటి వదులు చేస్తూ బెండు తీయడం మొదలుపెట్టాడు.

కొట్టేసిన సైకిల్‌తో ఊరు దాటాల్సిన మనిషి, కొట్టేసిన చోటికి కూతవేటు దూరంలో, నడిరోడ్డు పక్కన కూర్చుని దానికి సేవలు చేస్తున్నాడు! ఆ సంగతి అతనికే గుర్తు లేదు. చాలా రోజుల తర్వాత చేతులకు గ్రీజు అంటింది. సంతోషంగా ఉంది.

"ఏం గౌస్, గాలి కొట్టు."

తలెత్తితే కానిస్టేబుల్ కామరాజు. చిన్నరాములు తల దించి చక్రం మీదికి వంగాడు.

కామరాజు తన సైకిల్‌కు స్టాండు వేసి, గేర్ల సైకిల్‌ను ఎగాదిగా చూశాడు. "దీన్ని కమాను కాడ సూసినట్టుందే. ఎవరిదిది?"

గౌస్ పంపు కొడుతూ తల కూడా ఎత్తలేదు. "రిపేరుల ఉంది సార్. పని ఇంకా ఒడువలె."

కామరాజు తన సైకిల్ టైరు నొక్కి చూసుకుని వెళ్లిపోయాడు.

కాసేపటికి చక్రం బెండు కూడా పోయి సైకిల్ సిద్ధమైంది. ఎక్కి తొక్కితే సాయంత్రానికి సంగారెడ్డి. కానీ తనను కాపాడిన మనిషి ముందు చిన్నరాములుకు కాలు కదల్లేదు.

"గౌస్ భాయ్, ఈ సైకిల్ నాది గాదు. ఎత్తుకొచ్చిన," అన్నాడు తల వంచుకుని. "నౌకరి పోయింది. ఇంట్ల చెప్పలె. ఇయ్యాల జీతం తేకుంటె మా ఆమెకు మొఖమెట్ల సూపియ్యాలె?"

గౌస్ సైకిల్ దగ్గరికి వచ్చాడు. వెనక చక్రం పైకెత్తి, పెడల్ తిప్పుతూ ఒక్కొక్క గేరూ వేసి చూశాడు. చైన్ ఎక్కడా జారలేదు. జేబులోంచి కొన్ని నోట్లు తీసి చిన్నరాములు చేతిలో పెట్టాడు.

"అడ్వాన్సు. రేపటి సంది నా దగ్గర పనికి రా. పరేషాన్ గాకు, మీ ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పు."

చిన్నరాములు బిత్తరపోయాడు. "దొంగకు పనిస్తవా భాయ్? మరి ఈ సైకిల్ ఆసామికి ఏం జెప్తవ్?"

"ఆసామిని నేనే," అన్నాడు గౌస్. "పోరగాండ్లంత ఫ్యాక్టరీలకు ఉరుకుతుంటె పనోడు దొరక్క, రోజూ గేర్లు చెడగొట్టి, తాళం తీసి, కమాను కాడ నేనే పెడుతున్న. నీకు ముందటి దొంగలంత చైన్ ఊడంగనే పడేసి ఉరికిండ్రు, కూసొని బాగుచేసినోనివి నువ్వొక్కనివే!"