తీపి మాట

చర్చి గంట గోపురంలో పావురాల సంఘం ఒకటి ఉండేది. ఆ సంఘాన్ని నడిపే కాపరి, అంటే పాస్టరు పావురం, చనిపోయాక జబ్బు పడ్డవారి కోసం ప్రార్థించిందీ, ఆదివారాలు బైబిలు వాక్యం చెప్పిందీ మరియ అనే ఆడపావురమే. కాపరి పదవికి అభిషేకం కూడా మరియకే ఇవ్వమని కొన్ని పావురాలు సంఘపెద్దను అడిగాయి.

సంఘపెద్ద గొంతు తగ్గించి తీయగా, "మరియమ్మా, నువ్వు మా అందరికీ కన్నతల్లివి. తల్లి మీద కాపరి బరువు పెట్టడానికి మాకు మనసొప్పుతుందా?" అంది.

పావురాలన్నిటికీ కళ్లు చెమర్చాయి, అన్నీ తలలూపాయి. మరియ కూడా కరిగిపోయి తలూపింది.

"మరి రేపు వాక్యం ఎవరు చెప్తారు?" అని మూలనున్న గుడ్డి పావురం అడిగింది.

"ఇంకెవరు, మన మరియమ్మే," అంది పెద్ద, అదే తీపి గొంతుతో.

మరియ నిర్ఘాంతపోయి చుట్టూ చూసింది. పావురాలన్నీ మళ్లీ తలలూపుతున్నాయి.